రాసినవాళ్లు కాక ఇంకొకరు చదవాలి

హుజూరాబాద్ చుట్టుపక్కల ఏ రైతింటికి పోయి పట్టాదారు పాస్‌బుక్ తెరిచినా, విస్తీర్ణం దగ్గర ఒక అంకె, ఒక చుక్క, ఆ పక్కన మళ్లీ అంకెలు కనిపిస్తాయి. 2.20 అని ఉందనుకుందాం. ఆ ఇంట్లో బడి మొఖం చూడని అవ్వను అడిగినా అది రెండెకరాల ఇరవై గుంటలని చెబుతుంది. నలభై గుంటలైతే ఎకరం కాబట్టి రెండున్నర ఎకరాలన్నమాట. అదే పాస్‌బుక్ గుంటూరు వైపు పెరిగిన కుర్రాడి చేతిలో పెడితే ఇరవై సెంట్లు అనుకుంటాడు. వాళ్ల దగ్గర నూరు సెంట్లు ఎకరం. పొలం లెక్కలే ఎరగని పట్నం పిల్లకైతే అది బళ్లో నేర్చుకున్న దశాంశం, అంతే.

ఈ పిల్లల్లో ఒకరు ఎకరానికి ఇంత అని రైతు ఖాతాలో డబ్బు వేసే ప్రోగ్రామ్ రాస్తున్నారనుకోండి. ఇది నేను కల్పించి చెబుతున్న ఉదాహరణ, ఫలానా పథకంలో ఇట్లా జరిగిందని కాదు. అయితే ఎకరాల లెక్కన డబ్బు రావడం మన ఊరివాళ్లకు కొత్త సంగతి కాదు. 2018 మే 10న రైతుబంధు మొదలైంది మన శాలపల్లి-ఇందిరానగర్‌లోనే. అప్పుడు ఎకరానికి నాలుగు వేలు. మొదటిసారి చెక్కులు ఇచ్చారు, తర్వాత నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. కాబట్టి ఆ నాలుగు వేల లెక్కనే తీసుకుందాం.

రాసిన లైన్ చాలా చిన్నది. విస్తీర్ణాన్ని నాలుగు వేలతో గుణించు, వచ్చింది ఖాతాలో వేయి. రాసినవాళ్లు పరీక్షించి చూసుకున్నారు కూడా. మూడెకరాలకు పన్నెండు వేలు వచ్చాయి, ఐదెకరాలకు ఇరవై వేలు వచ్చాయి. సరిగ్గానే ఉంది కదా అని ముందుకు పంపారు. ఆ లైన్‌కు మన 2.20 తగిలితే 8,800 రూపాయలు వస్తాయి. రైతుకు రావలసింది పది వేలు. పన్నెండు వందలు తక్కువ. తెర మీద ఎర్ర అక్షరాలేవీ రావు, ప్రోగ్రామ్ ఆగదు. కంప్యూటర్ తనకు చెప్పిన పని చెప్పినట్టు చేసింది. ఇంకో సంగతి గమనించండి. గుంటలను నలభైతో కాకుండా నూరుతో భాగించినట్టు అయింది కాబట్టి, గుంటలున్న ప్రతి రైతుకూ తక్కువే పడుతుంది. ఎకరాల్లో సరిగ్గా తేలే భూమి ఉన్నవాళ్లకు ఏ తేడా కనిపించదు. పది గుంటలు, ఐదు గుంటలు ఉన్న చిన్న రైతు బ్యాంకులో నిలబడి, ఎందుకు తక్కువ వచ్చిందో ఎవరిని అడగాలో తెలియక తిరిగి పోతాడు.

ఆ లైన్ ఖాతాల దాకా పోకముందే హుజూరాబాద్ పిల్ల ఒకతె దాన్ని చదివిందనుకోండి. "అన్నా, చుక్క తర్వాత ఉన్నవి గుంటలా, సెంట్లా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నతో పని అయిపోతుంది. ఆ ప్రశ్న అడిగే అవకాశం అదృష్టం మీద వదిలేయకుండా, పనిలో భాగంగా ఒక పద్ధతి పెట్టుకోవడాన్ని సాఫ్ట్‌వేర్ వాళ్లు కోడ్ రివ్యూ అంటారు. నేను ఈ ఊరివాణ్ణే, చాలా ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్నాను. మీ ఇళ్లలోంచి మాదాపూర్‌కో డల్లాస్‌కో పోయిన పిల్లలు పొద్దంతా చేసే పనుల్లో ఇది ఒకటి. బయటివాళ్లకు దీని గురించి ఎవరూ చెప్పరు, అందుకే ఇవాళ దీన్ని ఎంచుకున్నాను.

పద్ధతి కష్టమైనదేం కాదు. ఒక అబ్బాయి కొంత కోడ్ రాస్తాడు. దాన్ని తిన్నగా అసలు ప్రోగ్రామ్‌లో కలపనివ్వరు. "పీఆర్ పెట్టిన, జర చూడు" అని తోటివాళ్లకు చెబుతాడు. పీఆర్ అంటే పుల్ రిక్వెస్ట్, రాసింది కలపమని అడగడం. వాళ్ల తెర మీద తీసేసిన లైన్లు ఎర్రగా, కొత్తగా చేర్చినవి ఆకుపచ్చగా కనిపిస్తాయి. చదివినవాళ్లు సందేహం వచ్చిన లైన్ పక్కనే ప్రశ్న రాస్తారు. రాసినవాడు జవాబు చెబుతాడు, లేదా మారుస్తాడు. చదివినవాళ్లు ఒప్పుకున్నాకే అది అసలు దాంట్లో కలుస్తుంది. దాన్ని మెర్జ్ అంటారు.

టెస్టులు ఉన్నాయి కదా, మళ్లీ మనిషి చదవడం దేనికని అడిగేవాళ్లున్నారు. టెస్టు రాసేది కూడా చాలాసార్లు ఆ కోడ్ రాసినవాడే. మూడెకరాలు, ఐదెకరాలు అని వాడికి తట్టిన అంకెలే పెట్టి చూస్తాడు. గుంటలనేవి ఉంటాయని వాడి మనసులో లేనప్పుడు వాడు రాసే టెస్టులో అవి ఎక్కడి నుంచి వస్తాయి? ఇంకో బతుకు బతికినవాళ్లు, ఇంకో చోట పెరిగినవాళ్లు చదివినప్పుడే అవి బయటపడతాయి. రివ్యూ అసలు విలువ నాకు అక్కడ కనిపిస్తుంది.

ఇంతవరకు కల్పన చెప్పాను. ఇప్పుడు జరిగిందే చెబుతాను. 2019 ఏప్రిల్ 18న మన రాష్ట్రంలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. తొమ్మిది లక్షలకు పైగా పిల్లలు. ఆ యేడు ఫలితాల పని కొత్త సాఫ్ట్‌వేర్‌తో చేశారు. పరీక్ష రాసిన కొందరికి రాయనట్టు వచ్చింది. మంచి మార్కులు వస్తాయనుకున్నవాళ్లు ఫెయిలైనట్టు చూపింది. మంచిర్యాల జిల్లా జన్నారంలో చదివిన ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మళ్లీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. ఆ రోజుల్లో బోర్డు ఆఫీసు ముందు ఎండలో నిలబడ్డ తల్లిదండ్రులు మీకు గుర్తుండే ఉంటారు. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఏ బిడ్డ మనసులో ఏముందో తేల్చే అధికారం నాకు లేదు. కానీ ఈ పని చేసే మనిషిగా ఆ ఏప్రిల్‌ను మరిచిపోయే హక్కు కూడా నాకు లేదనుకుంటాను.

ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది. రాష్ట్ర టెక్నాలజీ సర్వీసెస్ సంస్థ అధిపతి, బిట్స్ హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్, ఐఐటీ హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్. ఏప్రిల్ 27న వాళ్లు నివేదిక ఇచ్చారు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయన్నారు, ఓఎంఆర్ పత్రాల్లో వట్టాలు నింపడంలో మనుషుల పొరపాట్లూ ఉన్నాయన్నారు. కొత్త పద్ధతిని పక్కన ఇంకో పద్ధతితో కలిపి నడిపి, రెండు ఫలితాలూ ఒకటే వస్తున్నాయా అని చూసుకోకపోవడం పెద్ద లోటు. ఫెయిలైన పిల్లలందరి పేపర్లూ ఉచితంగా మళ్లీ చూశారు. ఈసారి ఇంకో సంస్థతో కూడా సమాంతరంగా లెక్క వేయించారు. వెయ్యి మందికి పైగా పిల్లలు అప్పుడు పాసయ్యారు.

జన్నారం అమ్మాయి సంగతి దగ్గర నేను కాసేపు ఆగాలి. ఆమె విషయంలో దిద్దిన టీచర్ 99కి బదులు సున్నాల వట్టాలు నింపారు. వాల్యుయేషన్ క్యాంపుల్లో పనిచేసిన మాస్టార్లకు తెలుసు, దిద్దినవాళ్ల తర్వాత స్క్రూటినైజర్ అని ఒకరుంటారు. లోపల మార్కులు కూడి, పైన నింపిన వట్టాలతో సరిపోయిందా అని చూడటమే వాళ్ల పని. అంటే రెండో మనిషి అక్కడ ఉన్నారు. ఉండి కూడా అది దాటిపోయింది. తర్వాత ఇద్దరి మీదా చర్య తీసుకున్నారు. నాకు మాత్రం చర్య కన్నా ముందు వచ్చే ప్రశ్న ఇది: ఆ మనిషి ముందు ఆ రోజు ఎన్ని పేపర్ల కట్టలున్నాయి? ఒక్కో పేపర్ మీద చూపు నిలిపే వ్యవధి ఉందా?

ఇంకొకటి. మిగతా సబ్జెక్టుల్లో బాగా వచ్చిన పిల్లకు ఒక్కదాంట్లో సున్నా వస్తే, ఆ ఫలితం బయటికి పంపేముందు ఆపి మనిషికి చూపించాలి. అట్లా ఆపే లైన్ ప్రోగ్రామ్‌లో రాయడానికి పది నిమిషాలు చాలు. ఫలితాల కోడ్ చదివేవాళ్లలో బడిలో పాఠం చెప్పిన మనిషి ఒక్కరున్నా ఆ లైన్ ఎక్కడుందని అడిగేవారు. తప్పులు పట్టడంతో రివ్యూ పని తీరిపోదు. ఉండాల్సింది లేకపోతే అడగడం కూడా దాని పనే. ఇది మరీ కష్టం, ఎందుకంటే రాయని లైన్ తెర మీద కనిపించదు.

ఈ పద్ధతికి పునాది వేసినవాళ్లలో మైకేల్ ఫేగన్ ఒకరు. ఐబీఎంలో పనిచేసేవాడు. 1976లో ఆ కంపెనీ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. కోడ్ కంప్యూటర్ మీద పరీక్షకు పోకముందే నలుగురు కూర్చుని, ముందే చదువుకుని వచ్చి, లైన్ లైన్ చూడాలని పద్ధతి పెట్టాడు. ఒకరు నడిపిస్తారు, ఒకరు చదివి వినిపిస్తారు, రాసినవాళ్లూ పరీక్షించేవాళ్లూ ఉంటారు. దొరికిన తప్పులు రాసుకుంటారు, అక్కడే సరిదిద్దుతూ కూర్చోరు. ఎంత వేగంగా చదవాలో కూడా లెక్క పెట్టాడు. వీటన్నిటికన్నా నాకు ముఖ్యమనిపించేది ఇంకొకటి. ఇక్కడ దొరికిన తప్పులను రాసినవాడి పనితీరు మార్కులకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడకూడదన్నాడు. జీతం పెంపు రివ్యూలో తేలుతుందని తెలిస్తే ఎవరు తమ కోడ్ మనస్ఫూర్తిగా తెరిచి చూపిస్తారు? అప్పటి నుంచి పరికరాలు చాలా మారాయి, బల్ల చుట్టూ కూర్చునే పని లేదు. ఆ నియమం మాత్రం ఇవాళ్టికీ వందకు వంద పాళ్లు నిజం.

ముందే చూడాలన్న మాట మన వరి విత్తనం రైతులకు చెప్పనక్కరలేదు. హుజూరాబాద్, జమ్మికుంట వైపు ఎన్ని ఊళ్లు విత్తన వరి మీద బతుకుతున్నాయో మీకు తెలుసు. చేను పూత మీదున్నప్పుడే దిగి, వరస వరసా తిరిగి కేళీలు ఏరేస్తారు. అప్పుడు ఎత్తు తేడాతోనో, వెన్ను తేడాతోనో కల్తీ మొక్క కంటికి కనిపిస్తుంది, చేత్తో పీకేయొచ్చు. నూర్చి సంచికెత్తాక ఆ గింజను ఏ కన్నూ పట్టలేదు, సంచి సంచే పనికిరాకుండా పోతుంది. కోడ్‌లో గుంటల తప్పు రివ్యూలో దొరికితే ఒక లైన్ మారిస్తే సరి. లక్షల ఖాతాల్లో డబ్బు పడ్డాక దొరికితే ఒక్కో ఖాతా తవ్వాలి, తేడా లెక్కగట్టాలి, మళ్లీ వేయాలి. ఈలోగా పోయిన నమ్మకాన్ని ఏ లైన్ మార్చి తెస్తాం?

రివ్యూ ఎట్లా చేయాలన్నది కూడా ముఖ్యమే. ఒకే తప్పు మీద రెండు రకాల మాటలు వినండి. "ఇట్ల ఎవరన్న రాస్తరా? విస్తీర్ణం గురించి ఏం తెల్వకుండనే రాసినట్టున్నవ్." ఇది ఒకటి. "తమ్మీ, విస్తీర్ణంల గుంటలొస్తే ఈ లెక్క ఏమైతది? 2.20 పెట్టి ఒకసారి నడిపి చూడు." ఇది రెండోది. మొదటి మాట విన్న కుర్రాడు తప్పు దిద్దుకుంటాడు గానీ, తర్వాతి పీఆర్ ఆ పెద్దమనిషికి పంపకుండా చూసుకుంటాడు. రెండో మాట విన్నవాడు నడిపి చూసి, ఎనిమిది వేల ఎనిమిది వందలు చూసి తనంతట తనే ఉలిక్కిపడతాడు. ఇక జన్మలో చుక్కను నమ్మడు. కోడ్ మీద మాట్లాడాలి, మనిషి మీద కాదు. కష్టమైన లెక్కను చక్కగా రాసినచోట బాగుందని కూడా రాయాలి. ఆ రెండు ముక్కలు రాయడానికి సీనియర్లకు ఎందుకంత బరువో నాకు అర్థం కాదు.

చూసినట్టు చూడటం అనే జబ్బు కూడా ఉంది. పది లైన్లు పంపితే నాలుగు ప్రశ్నలొస్తాయి. రెండు వేల లైన్లు ఒక్కసారి పంపితే పైనుంచి కిందికి ఒకసారి జరిపి, అప్రూవ్ కొట్టేస్తారు. అందుకే కోడ్ చిన్న చిన్న ముక్కలుగా పంపాలి. ఎందుకు మార్చానో నాలుగు మాటలు పైన రాయాలి. చదివేవాళ్లకు అర్థం కాకపోతే అర్థం కాలేదని చెప్పాలి. అర్థం కాకుండా ఒప్పుకున్న సంతకం ఎవరినీ కాపాడదు.

దీనికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఉంది. బ్యాంకు సైట్లు మొదలుకొని చాలా వాటిలో రహస్యాలను భద్రంగా మోసుకుపోయే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రామ్‌లో 2011 డిసెంబర్ 31 రాత్రి కొంత కొత్త కోడ్ కలిసింది. అవతలి కంప్యూటర్ ఒక చిన్న మాట పంపి, ఈ మాట ఇంత పొడవు, దీన్ని తిరిగి పంపు అంటుంది. ఇవతలిది తిరిగి పంపాలి. చెప్పిన పొడవు నిజమా కాదా అని చూసే లైన్ అందులో లేదు. నాలుగక్షరాలు పంపి అరవై వేల అక్షరాలని అబద్ధం చెబితే, ఇవతలి కంప్యూటర్ తన జ్ఞాపకంలో పక్కనున్న పాస్‌వర్డులతో సహా అంతా పంపేస్తుంది. ఆ కోడ్‌ను రివ్యూ చేసినవారున్నారు. చేసింది ఒక్కరు. 2014 ఏప్రిల్‌లో బయటపడేదాకా రెండేళ్లకు పైగా ఆ తలుపు తెరిచే ఉంది. దాని పేరు హార్ట్‌బ్లీడ్. సగం ప్రపంచం ఆధారపడ్డ ఆ ప్రాజెక్టును చూసుకునేవాళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వాళ్లకు చాలినంత డబ్బు, తీరిక ఎవరూ ఇవ్వలేదు. చదివేవాళ్లకు తీరిక ఇవ్వని చోట రివ్యూ పేరుకే మిగులుతుంది. మన దగ్గరైనా, ప్రపంచంలో ఎక్కడైనా.

ఇక మన పిల్లల సంగతి. మన వైపు నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు రివ్యూల్లో నోరు విప్పరు. ఇంగ్లీషులో రాయాలని జంకు. పెద్ద కాలేజీలో చదివినవాడి కోడ్‌లో నేనేం అడుగుతానని సంకోచం. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీకు తెలిసినవి వాళ్లకు తెలియవు. ఇంటిపేరు ముందు రాసుకునే మనుషులుంటారని, ఒక్క సర్వే నంబరులో నలుగురు అన్నదమ్ముల పేర్లుంటాయని, ఊళ్లో మధ్యాహ్నం పూట సిగ్నల్ ఉండదని మీకు తెలుసు. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను కూలదోసింది. జ్ఞా. మనం ఒక్క అక్షరంగా రాస్తాం గానీ యంత్రం లోపల అది జ, పొల్లు, ఞ, ఆ తర్వాత దీర్ఘం. ఆ మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు వచ్చి పడితే ఆ అక్షరాన్ని గీయబోయి ఫోన్‌లోని యాప్‌లు ఆగిపోయేవి. అదే నెలలో యాపిల్ సరిదిద్దింది. అంత పెద్ద కంపెనీకీ మన ఒత్తులు, గుణింతాలు చిక్కే. పలక మీద జ్ఞ దిద్దిన పిల్లలు ఆ కోడ్ ఎదురుగా కూర్చుంటే అడగాల్సిన ప్రశ్నలు వాళ్ల దగ్గర ఉంటాయి. ఇంగ్లీషు తప్పు పోయినా ఫరవాలేదు, ప్రశ్న రాయండి.

చదవడం నేర్పే పని కాలేజీలోనే మొదలుకావాలి. మన సింగాపూర్‌లోనే ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. కరీంనగర్‌లో 2020 నుంచి ఐటీ టవర్ ఉంది. పిల్లలు మునుపటికన్నా దగ్గర్లోనే ఈ పనిలోకి అడుగు పెడుతున్నారు. ఏ కాలేజీ అని కాదు, దేశమంతా ల్యాబ్ రికార్డుల తీరు ఒకటే. ప్రోగ్రామ్ రాస్తారు, అవుట్‌పుట్ అంటిస్తారు, కింద సంతకం పడుతుంది. నాలుగేళ్లలో ఒకరి కోడ్ ఇంకొకరు చదివి ప్రశ్న అడిగిన సందర్భం ఒక్కటీ లేకుండా డిగ్రీ చేతికొస్తుంది. అధ్యాపకులకు నా విన్నపం. వారానికి ఒక్క ల్యాబ్‌లో పిల్లల చేత కొత్తగా ఏమీ రాయించకండి. ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి ప్రోగ్రాములు మార్పించండి. పక్కవాడి కోడ్ మీద మూడు ప్రశ్నలు రాయమనండి, ఆ ప్రశ్నలకు మార్కులు వేయండి. తప్పు దొరికినవాడికి మార్కులు కోయకండి.

ఇప్పుడు కోడ్ రాసిపెట్టే కృత్రిమ మేధ వచ్చింది. అడిగితే నిమిషంలో వంద లైన్లు ఇస్తుంది. చూడటానికి శుభ్రంగా, నమ్మకంగా ఉంటాయి. కానీ మనం గుంటల సంగతి చెప్పకపోతే దానికీ 2.20 దశాంశమే కావచ్చు. రాయడం తేలికైన కొద్దీ చదివే పని పెరుగుతుంది, చదవగలిగినవాళ్ల అవసరమూ పెరుగుతుంది. ఉద్యోగాలు పోతాయేమోనని దిగులుపడే పిల్లలు ఈ చదవడం మీద శ్రద్ధ పెట్టాలని కోరుకుంటున్నాను.

చివరిగా, ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో టీమ్‌లను నడిపేవాళ్లుంటే వారికొక మాట. రివ్యూకి పట్టే గంటను టైమ్‌షీట్‌లో పనిగా రాయనివ్వండి. కోడ్ ఎన్ని లైన్లు రాశారని అడిగే మీటింగులో, ఎవరి కోడ్ ఎవరు చదివారని కూడా అడగండి. కొత్తగా చేరినవాళ్ల చేత సీనియర్ల కోడ్ చదివించండి, అడిగితే సీనియర్ జవాబివ్వాలని ముందే చెప్పండి. సోమవారం వచ్చిన పీఆర్‌ను శుక్రవారం దాకా ఆపకండి. అప్పటికి రాసినవాడు ఇంకో పనిలో పడిపోతాడు, ఆ లైన్ ఎందుకట్లా రాశాడో వాడికే గుర్తుండదు.